వెనక సీట్లో కూర్చునే తల

ఆదివారం

ఈరోజు పాతపట్నంలో మా ఆడపడుచు వాళ్లింట్లో పసుపు కొట్టారు. ఒడిశాలోని మా పర్లాకిమిడి నుంచి అదెంత దూరమని, మహేంద్రతనయ ఏరు దాటితే ఆంధ్రాలోని ఆ ఊరు వచ్చేసినట్టే. మా చుట్టరికాలన్నీ ఏటికి ఆ ఒడ్డునా ఈ ఒడ్డునా ఉన్నాయి. ఇక్కడివాళ్లకు రాష్ట్రం దాటడమంటే పక్క వీధికి వెళ్లడమే. ఆ ‘ఇక్కడికే కదా’ అన్న మాటతోనే హెల్మెట్లు ఇళ్లలో ఉండిపోతాయి.

పట్టుచీర కట్టుకుని, జడ మెడ కిందికి వదులుగా అల్లుకున్నాను. కొప్పు పెట్టుకుంటే హెల్మెట్ సరిగా దిగదు. బలవంతాన దించినా నెత్తి మీద నిలబడుతుంది తప్ప నుదురు కప్పదు. మల్లెపూల దండ అరిటాకులో చుట్టి స్టీలు డబ్బాలో పెట్టి సంచిలో వేసుకున్నాను, అక్కడికి వెళ్లాక పెట్టుకోవచ్చని. అత్తయ్య గుమ్మంలో నిలబడి, “పెళ్లింటికి ఇదేటమ్మా?” అన్నారు. “అక్కడ తీసేస్తాను అత్తయ్యా” అన్నాను. ఆవిడ ఇంకేమీ అనలేదు. పక్కింటి పిన్ని సంగతి ఆవిడకూ తెలుసు.

పిన్ని గురించి ఇక్కడ రాసుకోవాలి. నిరుడు స్పీడుబ్రేకర్ మీద బండి ఒక్కసారి ఎగిరితే, రెండు కాళ్లూ ఒక పక్కకు వేసుకుని కూర్చున్న పిన్ని వెనక్కి పడిపోయింది. బండి పడలేదు. పెద్ద వేగం కూడా లేదు. తల వెనక భాగం రోడ్డుకు తగిలింది. ఇప్పుడు నడుస్తుంది, తన అన్నం తాను తింటుంది. కానీ పొయ్యి మీద పాలు పెట్టిన సంగతి గుర్తుండదు, మనవరాలిని కూతురి పేరుతో పిలుస్తుంది. ఆ రోజు బాబాయి తలకు హెల్మెట్ ఉంది. ఆయన మంచి మనిషి, పిన్నికి ఇప్పుడు అన్నీ ఆయనే చేస్తారు. రెండో హెల్మెట్ కొనాలన్న ఆలోచన ఆ ఇంట్లో ఎవరికీ రాలేదు, అంతే.

ఎలా వస్తుంది? బండి అమ్మేటప్పుడు కంపెనీ ఒక హెల్మెట్ ఇవ్వాలని కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో ఉంది. సీటు మాత్రం ఇద్దరికి. వెనక కూర్చున్నవాళ్లు పట్టుకోవడానికి హ్యాండిల్, పాదం ఆనించడానికి ఫుట్‌రెస్టు, బట్టలు చక్రంలో చిక్కుకోకుండా గార్డు ఉండాలని కూడా ఆ నిబంధనలే చెబుతాయి. చీరకొంగుకు కావలసిన రక్షణ బండితోపాటే ఇంటికొస్తుంది. ఆ చీర కట్టుకున్న మనిషి తలకు మాత్రం ఇంట్లోవాళ్లు విడిగా తలచుకుని కొనాలి. నాకు దీని మీద చాలా కోపం. 2022లో హెల్మెట్ లేకుండా ప్రమాదాల్లో చనిపోయినవాళ్లు దేశంలో 50,029 మంది అని కేంద్ర రోడ్డు రవాణా శాఖ లెక్క. అందులో 14,337 మంది వెనక కూర్చున్నవాళ్లే. మా వైపు వెనక సీటంటే ఆడవాళ్లు, పిల్లలు, ముసలివాళ్లు.

పాతపట్నం దగ్గరపడుతుండగా మా ముందు వెళ్తున్న కుర్రాడు మోచేతికి తగిలించుకున్న హెల్మెట్ తీసి గబగబా పెట్టుకున్నాడు. చెకింగ్ ఉంటుందని టెన్షన్ కాబోలు. బెల్టు కూడా పెట్టుకోలేదు. బెల్టు లేకపోతే కింద పడేటప్పుడు ముందు ఊడిపోయేది హెల్మెట్టే. వెనకున్న అమ్మాయి చున్నీని తల చుట్టూ గట్టిగా చుట్టుకుంది, దుమ్ము పడకుండా.

పెళ్లింట్లో పసుపు దంచడం, పాటలు, ఫొటోలు, అంతా సందడిగా జరిగింది. పూలు చక్కగా ఉన్నాయి, ఒక్క రేకూ నలగలేదు. భోజనాలవుతుండగా ఆడపడుచు కొడుకు వచ్చాడు, అయిదేళ్ల పాపను పెట్రోలు ట్యాంకు మీద కూర్చోబెట్టుకుని. ఇద్దరికీ తల మీద ఏమీ లేదు.

“పాపకు హెల్మెట్ ఏదిరా?” అన్నాను.

“మీ ఒడిశాలో పిల్లలకు కూడా రూలేటి అత్తా?”

ఒడిశా, ఆంధ్రా అని ఇందులో తేడా లేదని చెప్పాను. మోటారు వాహనాల చట్టం 129వ సెక్షన్ ప్రకారం నాలుగేళ్లు దాటిన ఎవరైనా సరే, నడిపినా వెనక కూర్చున్నా హెల్మెట్ పెట్టుకోవాలి. 2019లో సవరించారు. తప్పితే 1,000 రూపాయల జరిమానా, 3 నెలలు లైసెన్సు పనిచేయదు.

“నెమ్మదిగానే నడుపుతాను కదత్తా” అన్నాడు.

“పక్కింటి పిన్ని పడిన బండి కూడా నెమ్మదిగానే వెళ్లింది నాయనా.”

వాడు తల దించుకున్నాడు. నా హెల్మెట్ తెచ్చి లోపలున్న థర్మోకోల్ పొర చూపించాను. తల నేలకు తగిలి ఆగినా లోపల మెదడు ఆగదు, కదిలి పుర్రెకు కొట్టుకుంటుంది. ఈ పొర నలిగిపోతూ ఆ దెబ్బను తాను తీసుకుంటుంది. అందుకే ఒకసారి గట్టిగా దెబ్బ తగిలిన హెల్మెట్‌ను, పైకి బాగానే కనిపించినా, మళ్లీ వాడకూడదు. రోడ్డు పక్కన అమ్మే పల్చటి ప్లాస్టిక్ డిప్పల్లో ఈ పొరే సరిగా ఉండదు. ఐఎస్ఐ గుర్తు లేని హెల్మెట్లు 2021 జూన్ 1 నుంచి అమ్మకూడదు కూడా.

ఇదంతా వింటున్న వాడి భార్య ఏమీ అనకుండా లోపలికి వెళ్లి జాకెట్ కొలతల టేపు తెచ్చింది. ఆ పిల్ల మీద నాకు ఎంత ప్రేమ కలిగిందో చెప్పలేను. కనుబొమలకు కాస్త పైనుంచి తల వెనక ఎత్తుగా ఉన్నచోటు దాకా చుట్టి కొలిచాను. పాపది 51 సెంటీమీటర్లు, తనది 55. పాప గులాబీ రంగే కావాలంది. కొలతలు చీటీ మీద రాసి మేనల్లుడి జేబులో పెట్టాను.

“పెళ్లి హడావిడి అయ్యాక కొంటాను అత్తా” అన్నాడు. కార్డులు పంచడానికి రేపటి నుంచి కోడలే వాడి వెనక కూర్చుని ఊళ్లన్నీ తిరగాలి. ఆ మాటే అన్నాను. బుధవారం పెళ్లి బట్టలకు శ్రీకాకుళం వెళ్తారట, అప్పుడే రెండూ తెస్తానన్నాడు. అప్పటిదాకా కోడలు పెట్టుకోవడానికి నా హెల్మెట్ అక్కడే ఉంచి, నేను ఆటోలో ఇంటికొచ్చాను. మంగళవారం రాత్రి వాడికి ఫోన్ చేసి గుర్తుచేయాలి.