హిన్నోము లోయ గట్టున

అమ్మ ప్రభువునందు నిద్రించి పదకొండు నెలలైంది. మా సంఘంలో చావుని అలాగే చెప్పుకుంటాం. భూస్థాపన రోజు బాగా ఏడుస్తుంటే పిన్ని నా భుజం పట్టుకుని, "నిరీక్షణ లేనివాళ్ళలా అలా ఏడవకూడదే" అంది. నిరీక్షణంటే పునరుత్థానం మీది ఆశ, చనిపోయినవాళ్ళు మళ్ళీ లేస్తారని. బైబిల్లో పౌలు థెస్సలొనీక సంఘానికి రాసిన మాటే అది. కానీ నాకు ముల్లులా గుచ్చుకుంది. ఆ పిన్నితోనే యెరూషలేము వెళ్ళాను.

యేసు సమాధి ఉందని నమ్మే పరిశుద్ధ సమాధి చర్చిలో గంటల తరబడి లైను, లోపల ఒక్క నిమిషం. బయటికొచ్చాక ఏం చూశానో నాకే గుర్తు లేదు.

మూడో రోజు మధ్యాహ్నం ఖాళీ దొరికితే, మోకాలి నొప్పంటున్న పిన్నిని బతిమాలి కేతెఫ్ హిన్నోముకి తీసుకెళ్ళాను. పాత నగరానికి ఎదురుగా, హిన్నోము లోయ గట్టున తొలిచిన పాత సమాధులవి. పైకప్పులు చాలావరకు పోయి ఎండ నేరుగా లోపలికి పడుతోంది. శవాన్ని పడుకోబెట్టే రాతి అరుగులు, తల ఆనడానికి అరుగు మీదే గుండ్రంగా చెక్కిన పల్లాలు. అరుగు కింద ఒక గొయ్యి. ఒంటి మీద మాంసం పోయాక ఎముకలు ఏరి ఆ గోతిలో తాతముత్తాతల ఎముకల్లో కలిపేసేవాళ్ళట. అరుగు తర్వాతి మనిషికి ఖాళీ అయ్యేది. "పితరుల యొద్దకు చేర్చబడెను" అని బైబిల్లో చదివినప్పుడల్లా మర్యాదకి అన్న మాటనుకున్నాను. ఇక్కడ అది చేతులతో చేసిన పని.

1979లో పురావస్తు శాస్త్రవేత్త గాబ్రియేల్ బార్కాయ్ బృందం తవ్వినప్పుడు, కప్పు కూలడంతో దొంగల కంటపడని ఒక గోతిలో రెండు చిన్న వెండి చుట్టలు దొరికాయి. సుమారు 2,600 ఏళ్ళ నాటివి. జాగ్రత్తగా విప్పి చూస్తే "యెహోవా నిన్ను ఆశీర్వదించి నిన్ను కాపాడునుగాక" అనే దీవెన. ప్రతి ఆదివారం మా పాస్టరుగారు చేతులెత్తి చెప్పేదే! అందులో పునరుత్థానం ఊసు లేదు.

పిన్నికి ఇది నచ్చలేదు. "అంటే దావీదుకి పునరుత్థానం తెలీదంటావా?"

"ఆరో కీర్తన చూడు పిన్నీ. పాతాళంలో నిన్నెవరు స్తుతిస్తారని దేవుడితోనే పేచీ పెట్టుకున్నాడు."

ప్రసంగి గ్రంథం రాసినాయన అయితే చచ్చినవాళ్ళు ఏమీ ఎరుగరని తేల్చేశాడు. మంటిలో నిద్రించేవాళ్ళు మేలుకుంటారన్న మాట తేటగా వినాలంటే దానియేలు గ్రంథం చివరి అధ్యాయం దాకా రావాలి. యేసు కాలానికి కూడా సద్దూకయ్యులనే యూదుల వర్గం దాన్ని ఒప్పుకోలేదు. చనిపోయిన తన సోదరుడు లాజరు అంత్యదినాన లేస్తాడని యేసుతో అన్న మార్త నమ్మకం ఆ గొడవలో ఒక పక్షం. నా మటుకు నాకు ఆ పేచీ పెట్టుకున్నవాళ్ళే ఆ పదకొండు నెలలూ దగ్గరివాళ్ళనిపించారు.

కింద లోయలో పచ్చగడ్డి మీద ఎవరో దుప్పటి పరుచుకుని భోంచేస్తున్నారు. మనం నరకమని చదువుకునే గెహెన్నా అన్న పేరు ఈ లోయదే. ఒకప్పుడు ఇక్కడే పిల్లల్ని అగ్నికి ఆహుతి చేశారని యిర్మీయా ప్రవక్త వాపోయాడు.

వెనక్కి తిరిగితే పిన్ని అరుగు పక్కన కూర్చుని ఉంది. తల ఆనే పల్లంలో చేరిన దుమ్ముని కొంగుతో తుడుస్తోంది.

"ఎత్తు చాలదే," అంది. "అక్కకి రెండు దిండ్లు లేకపోతే నిద్ర పట్టేది కాదు."