గుండీల పొలం

లండన్‌లో మా చెల్లెలి కొడుకు దగ్గర పన్నెండు రోజులున్నాను. వంతెనలు, కోటలు, రాణిగారి నగలు అన్నీ చూశాను. వాటి గురించి రాయాలని ఇప్పటికీ అనిపించలేదు. రాయాలనిపించింది ఒక్క ఆదివారం గురించే. ఆ రోజు పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఇంగ్లండ్ తూర్పున ఉన్న సఫోక్ జిల్లాలో ఒక గోధుమ పొలంలో మట్టి తవ్వాను.

మావాడి ఆఫీసులో పనిచేసే ఒకతని తండ్రికి మెటల్ డిటెక్టర్ పట్టుకుని పొలాల్లో తిరగడం ముప్పై ఏళ్ల అలవాటట. "పెద్దమ్మా, నీకు పాత వస్తువులంటే ఇష్టం కదా, వెళ్తావా?" అన్నాడు మావాడు. వాడికి ఆ రోజు డ్యూటీ ఉంది. ఒక్కదాన్నే బయల్దేరాను.

లండన్‌లోని లివర్‌పూల్ స్ట్రీట్ స్టేషన్ నుంచి డిస్ అనే ఊరికి రైల్లో మామూలుగా గంటన్నర. ఆదివారం కదా, పట్టాల మరమ్మతులని సగం దారిలో దింపేసి బస్సెక్కించారు. ఆ బస్సు దారిలో ఉన్న ప్రతి స్టేషన్ ముందూ ఆగింది. ఎక్కేవాళ్లు లేకపోయినా పది నిమిషాలు నిలబడింది. నలభై పౌండ్ల పైచిలుకు పెట్టి కొన్న టికెట్టు, చేరేసరికి మూడు గంటలు. మన డబ్బుల్లోకి మార్చి లెక్క చూసుకోవద్దని మావాడు ముందే చెప్పాడు. అయినా చూసుకున్నాను. చాలా బాధేసింది.

స్టేషన్ బయట ఆ పెద్దాయన పాత జీపు దగ్గర నిలబడి ఉన్నారు. డెబ్భై దాటినట్టుంది. మోకాళ్లకు ప్యాడ్లు, నడుముకు రెండు సంచులు. కారెక్కగానే ఆయన మొదట చెప్పింది నియమాల గురించి. భూమి యజమాని అనుమతి లేకుండా అడుగు పెట్టకూడదు. ప్రభుత్వం రక్షిత స్థలంగా ప్రకటించిన చోట డిటెక్టర్ బయటికి కూడా తీయకూడదు. తవ్విన ప్రతి గుంటా మళ్లీ పూడ్చాలి. దొరికింది ఏదైనా ఎక్కడ దొరికిందో రాసుకోవాలి. "రాసుకోకపోతే మనం చేసేది దొంగతనమే" అన్నారు. ఆ మాట ఆయన మామూలుగా అనలేదు. బండి పక్కకు తీసి, ఆపి మరీ అన్నారు.

వేవ్నీ నది దాటగానే సఫోక్. ఒక చోట కుడివైపు చెయ్యి చూపించి "హాక్సన్ ఊరు అటు" అన్నారు. ఆ పేరు బ్రిటిష్ మ్యూజియంలో చదివాను. 1992 నవంబరు 16న ఆ ఊరి రైతు ఒకాయన పొలంలో సుత్తి పోగొట్టుకున్నాడు. దాన్ని వెతికిపెట్టమని డిటెక్టర్ ఉన్న స్నేహితుణ్ణి పిలిచాడు. ఆ స్నేహితుడు రిటైరైన తోటమాలి. సుత్తి కోసం వెతుకుతుంటే రోమన్ల కాలపు బంగారం, వెండి బయటపడ్డాయి. దాదాపు 15,000 నాణేలు, నగలు, చెంచాలు. విలువ 17.5 లక్షల పౌండ్లని లెక్కగట్టారు. నాకు తెలిసింది ఇంతవరకే. మా తాతయ్య అరుగు మీద కూర్చుని చెప్పే లంకెబిందెల కథలాగే ఉందనుకున్నాను.

పెద్దాయనకు మాత్రం అందులో బంగారం కంటే ముఖ్యమైన సంగతి వేరే ఉంది. కొన్ని నాణేలు బయటికొచ్చాక ఆ తోటమాలి తవ్వడం ఆపేశాడు. రైతుకు చెప్పి, అధికారులకు కబురు పంపించాడు. మర్నాడే పురావస్తు శాఖవాళ్లు వచ్చి పద్ధతిగా తవ్వారు. అందుకే అదంతా ఒక చెక్కపెట్టెలో ఉండేదని, ఏ వస్తువు పక్కన ఏది సర్ది ఉందో కూడా తెలిసింది. "అక్కడ ఆగడం ఎంత కష్టమో మీకు సాయంత్రానికి తెలుస్తుంది" అన్నారు. సుత్తి కూడా దొరికింది. ఇప్పుడది కూడా మ్యూజియంవాళ్ల దగ్గరే ఉందట.

పొలం చేరేసరికి పదకొండు. గోధుమ కోత అయిపోయి కొయ్యకాళ్లు మిగిలాయి. ఇంకో రెండు వారాల్లో దుక్కి దున్ని మళ్లీ విత్తుతారు. డిటెక్టర్లతో వెతికేవాళ్లకు దొరికేది ఈ మధ్య సమయమే. రైతుకు ఇరవై పౌండ్లు ఇచ్చాను. మట్టి తవ్వడానికి ఎదురు డబ్బులివ్వడం నాకు కొత్త.

డిటెక్టర్ పట్టుకోవడం అరగంటలో వచ్చింది, వినడం మాత్రం రాలేదు. కర్ర చివర ఉన్న చక్రం నుంచి అయస్కాంత క్షేత్రం నేలలోకి దిగుతుంది. కింద లోహం ఉంటే అందులో చిన్న విద్యుత్ ప్రవాహం పుడుతుంది. ఆ ప్రవాహం తిరిగి పంపే సంకేతాన్నే యంత్రం శబ్దంగా మార్చి చెవిలో వినిపిస్తుంది. ఇనుమైతే గుర్రుమంటుంది. రాగి, వెండి అయితే పిట్ట కూసినట్టు సన్నగా పలుకుతుంది. చిక్కంతా మధ్యలో వచ్చే శబ్దంతోనే. చిన్న బంగారు ఉంగరమూ, కూల్‌డ్రింక్ డబ్బా మూత రింగూ ఒకేలా పలుకుతాయి. అందుకని అన్నీ తవ్వాల్సిందే.

మొదటి గంటలో నాకు దొరికినవి మూత రింగులు రెండు, వేటతూటాల ఇత్తడి అడుగులు నాలుగు, ఒక వెండికాగితం ఉండ. చిరాకొచ్చింది. ఆ తర్వాత సన్నగా పలికింది. అరచెయ్యి లోతున మట్టిపెళ్ల విరిస్తే గుండ్రటి రేకు. నాణెం అనుకుని గుండె కొట్టుకుంది. తిప్పి చూస్తే వెనక దారం ఎక్కించే కొక్కెం విరిగిన గుర్తు. బట్టల గుండీ.

మధ్యాహ్నానికి తొమ్మిది గుండీలయ్యాయి. అన్నీ బల్లపరుపుగా, బూడిద రంగులో ఉన్నాయి. ఒకదాని అంచున మాత్రం బంగారు పూత పొడిలా మిగిలి ఉంది. పద్దెనిమిదో శతాబ్దంలో మగవాళ్ల కోట్లకు వరసగా కుట్టేవారట. చెట్టూ చేమా లేని ఈ పొలం మధ్యలో ఇన్ని గుండీలు ఎలా వచ్చాయని అడిగాను. ఊళ్లో ఇళ్లు ఊడ్చిన చెత్త పెంటకుప్పలోకి, అక్కడి నుంచి బండ్ల మీద పొలానికి వెళ్లేదట. చిరిగిన బట్టలు, తెగిన గుండీలు, విరిగిన బకిల్స్, వేలి నుంచి జారిన కుట్టుతొడుగులు అన్నీ ఎరువుతో పాటే. కెంట్ జిల్లాలో బీరు తయారీకి వాడే హాప్ తోటలకైతే పాత ఉన్ని గుడ్డపీలికలే ఎరువుగా వేసేవారట. బట్ట కుళ్లిపోయింది, గుండీ మిగిలింది. మా ఇంటి వెనక పెంటకుప్ప గుర్తొచ్చింది. అమ్మ ముక్కుపుడక పోయిందని దాన్ని రెండు రోజులు జల్లెడ పట్టారు. దొరకలేదు. అది కూడా ఏదో ఒక దుక్కిలో ఉండే ఉంటుంది.

భోజనాల వేళ ఆయన జీపు వెనక తలుపు తీసి ఒక పెట్టె తెరిచారు. అరలు అరలుగా దూది పరిచి ఉంది. అన్నీ ఈ చుట్టుపక్కల పొలాల్లో ఏళ్ల తరబడి ఏరినవి. తెల్లటి పొర పట్టిన సీసపు తుపాకీ గుళ్లు. పశువుల మెడకో గుర్రపు జీనుకో కట్టే గుండ్రటి గంట ఒకటి, ఊపితే లోపలి ఇనుప గోలీ ఇప్పటికీ మోగింది. బట్టల బేళ్లకు వేసే సీసపు సీళ్లు. రష్యా నుంచి నార బేళ్ల మీద వచ్చిన సీలు కూడా ఉంది. ముఖం అరిగిపోయిన రోమన్ రాగి నాణేలు గుప్పెడు. 1797 నాటి మూడో జార్జి రాజు పెన్నీ నాణెం చేతిలో పెట్టారు. అది ఒక్కటే ఔన్సు బరువు. అంత బరువు జేబులో ఎలా మోశారో!

పసుపుపచ్చగా మెరిసే ఒక బిళ్ల చూసి బంగారమా అన్నాను. మొదటిసారి చూసినవాళ్లంతా అలాగే అడుగుతారట. అది జర్మనీలో న్యూరెంబర్గ్ నగరంలో చేసిన ఇత్తడి లెక్కల బిళ్ల. గీతలు గీసిన బల్ల మీద ఇలాంటి బిళ్లలు జరుపుతూ వ్యాపారులు కూడికలు, తీసివేతలు చేసేవారు. ఒకవైపు గులాబీ చుట్టూ మూడు కిరీటాలు. అంచున జర్మన్ అక్షరాలు: దేవుడి దీవెనే సంపద. ఇంకొన్నిటి మీద ఇంకో మాట ఉంటుందట. నేడు నవనవ, రేపు శవం. డబ్బు లెక్కపెట్టుకునే చేతికి రోజంతా ఆ మాట తగులుతూ ఉండేదన్నమాట.

నన్ను ఎక్కువసేపు కదలనివ్వని వస్తువు మాత్రం ఒక చిన్న సీసపు బుడ్డి. బొటనవేలంత ఉంటుంది. ఒకవైపు ఆల్చిప్ప ఆకారం. మధ్యయుగంలో పుణ్యక్షేత్రాలకు వెళ్లినవాళ్లు తీర్థం పట్టుకొచ్చుకున్న బుడ్డి. ఇలాంటివి చర్చిల దగ్గర కంటే దున్నిన పొలాల్లో ఎక్కువ దొరుకుతున్నాయట. కొన్నిటి మూతి చించి తెరిచినట్టుంటుంది. పంట బాగా పండాలని ఆ తీర్థం చేలో చల్లి, బుడ్డి అక్కడే వదిలేసి ఉంటారని కొందరు పరిశోధకుల అభిప్రాయం. కనుమ నాడు మా నాన్న తెల్లవారకముందే చేలోకి వెళ్లి పొలి చల్లి వచ్చేవాడు. వెనక నేను చెంబు పట్టుకుని నడిచేదాన్ని. అదంతా ఆయనకు చెప్పాను. ఆయన ఏమీ అనలేదు, ఆ బుడ్డిని కాసేపు నా చేతిలోనే ఉండనిచ్చారు.

మధ్యాహ్నం తర్వాత సన్నగా వాన. డిటెక్టర్లతో వచ్చిన మిగతావాళ్లలో చాలామంది వెళ్లిపోయారు. నాలుగు దాటాక వాగు వైపు వాలులో ఒక శబ్దం. చిన్నదే కానీ ఎటు నుంచి చక్రం తిప్పినా తెగకుండా పలుకుతోంది. గడ్డ పైకి తీస్తే ఏమీ కనిపించలేదు. చేత్తో చిదుపుతుంటే వేళ్ల మధ్య సన్నటి రేకు తగిలింది. నా చిటికెన వేలి గోరు కంటే కాస్త పెద్దది. అర్ధచంద్రాకారం. ఊదితే ఎగిరిపోయేలా ఉంది.

పెద్దాయనను కేకేశాను. ఆయన తడి గడ్డి మీదే మోకాళ్ల మీద కూర్చుని, సీసాలో నీళ్లు రెండు చుక్కలు వేశారు. రుద్దవద్దన్నారు. మట్టి దానంతటదే జారింది. ఒకవైపు ఉంగరాల జుట్టు ఉన్న సగం తల. రెండోవైపు జంట గీతల శిలువ, దాని చేతుల మధ్య మూడేసి చుక్కలు.

ఇంగ్లండ్ రాజు మూడో హెన్రీ కాలపు వెండి పెన్నీలో సగం. విరిగింది కాదు, కావాలని కోసింది. అప్పుడు పెన్నీ తప్ప చిన్న నాణెం దాదాపు లేదు. చిల్లర కావాలంటే శిలువ గీత వెంట కత్తిరించి సగమో పావో ఇచ్చేవారు. 1247లో ఆ శిలువను అంచు దాకా పొడిగించారు. వెండి దొంగలు అంచులు కత్తిరిస్తే వెంటనే తెలిసిపోవాలని. 1272లో రాజు చనిపోయాక కూడా 1279 దాకా ఆయన పేరుతోనే వేశారు. ఆ తర్వాతే గుండ్రటి చిల్లర నాణేలు వచ్చి ఈ కోతలు ఆగాయి. కోసిన అంచును గోటితో తడిమాను. తిన్నగా లేదు. చివర్లో కత్తి కాస్త పక్కకు జారింది.

శిలువ చుట్టూ అక్షరాలున్నాయి. ఆయన భూతద్దం ఇచ్చారు. ఓ, ఎన్, సీ. శిలువ చెయ్యి దాటాక ఏ, ఎన్, టీ. కలిపితే 'ఆన్ కాంట్', అంటే కాంటర్బరీలో అని. నాణెం మీద ముద్ర వేసినవాడి పేరు, ఊరి పేరు రెండూ రాసేవారు, బరువు తగ్గితే ఎవణ్ణి పట్టుకోవాలో తెలియాలని. పేరు రెండో సగం మీద ఉండిపోయింది.

నాకప్పుడు ఆగాలనిపించలేదు. రెండో సగం ఇక్కడే ఎక్కడో ఉంటుందని ఆ గుంటనే ఇంకా తవ్వబోయాను. ఆయన పార మీద చెయ్యి వేశారు. నాగలి తిరగేసే పొర వరకే మనది, కింద కదలని మట్టి మనది కాదు. గుంట పూడ్చి, కాలితో అదిమి, పైన గడ్డి సర్దించారు. చిన్న కవర్లో నాణెం వేసి, దాని మీద తేదీ, స్థలం అంకెలు రాశారు.

చట్టం ప్రకారం అది 'ట్రెజర్', అంటే అధికారులకు తెలియజేసి తీరాల్సిన నిధి కాదు. 300 ఏళ్లు దాటిన వెండి నాణేలు ఒకేచోట రెండైనా ఉంటే 14 రోజుల్లో తెలియజేయాలి. ఒక్కటైతే అక్కర్లేదు. అయినా ఆయన జిల్లాలో నమోదు చేసే అధికారికి చూపిస్తారు. 1997 నుంచి ఇలా మామూలు జనం చూపించినవే పదిహేను లక్షలకు పైగా నమోదయ్యాయి. నేను దాన్ని ఇంటికి తీసుకెళ్లవచ్చా అని అడిగాను. బ్రిటన్ నేలలో దొరికిన పాత వస్తువు ఎంత చిన్నదైనా దేశం దాటించాలంటే లైసెన్సు కావాలట. బస్సులో ఆ మాటే తలచుకుంటూ దిగులుగా కూర్చున్నాను. గోళ్లలో మట్టి రెండు రోజులు పోలేదు.

సంక్రాంతి వెళ్లాక మావాడు ఫోన్‌కు ఒక ఫోటో పంపాడు. నల్లటి గుడ్డ మీద స్కేలు పక్కన ఆ సగం పెన్నీ. కింద నమోదు వివరాలు: వెండి, కోసిన అర పెన్నీ, 1247–1279, ముద్రశాల కాంటర్బరీ. ముద్ర వేసినవాడి పేరు దగ్గర, తెలియదు.