మావ్‌ఫ్లాంగ్‌లో ఒక రుద్రాక్ష కాయ

మేఘాలయలో షిల్లాంగ్ నుంచి మావ్‌ఫ్లాంగ్ దేవతా వనం పాతిక కిలోమీటర్లే. టాక్సీకి రెండు వేలు అడిగేసరికి ఒళ్ళు మండి బడా బజార్‌లో షేర్ సుమో ఎక్కాను. అది నిండి కదిలేసరికి గంటన్నర. తీరా వెళ్తే గైడ్ లేకుండా అడవిలోకి పోనివ్వరట, దానికి వేరే డబ్బు. చిరాగ్గానే కట్టాను.

బయటంతా బోడి గడ్డి మైదానం, అక్కడక్కడా నిలువు రాళ్ళు. గీత గీసినట్టు అడవి మొదలవుతుంది. రెండు అడుగులు వేస్తే చీకటి, చలి. కొమ్మలన్నిటికీ నాచు, ఆర్కిడ్లు. కాలి కింద ఆకుల మెత్త. లా లింగ్‌డో అని పిలిచే, దాదాపు 190 ఎకరాల ఈ అడవి ప్రభుత్వానిది కాదు, ఇక్కడి ఖాసీ తెగ సమాజానిది. లబాసా అనే దేవత చిరుత రూపంలో కాపలా ఉంటుందని వాళ్ళ నమ్మకం.

దారిలో ఒక రుద్రాక్ష కాయ దొరికింది. అమ్మకిద్దామని జేబులో వేసుకున్నాను. గైడ్ కుర్రాడు ఆగి, "అది ఇక్కడే పెట్టేయండి సార్" అన్నాడు. రాలిన కాయే కదా అన్నాను. "రాలిందీ అడవిదే. ఎండుపుల్ల కూడా బయటికి పోదు" అన్నాడు, చాలా నెమ్మదిగా. తీసి వేరు పక్కన పెట్టాను. ఆ క్షణంలో మా ఊరి పోలేరమ్మ తోపు గుర్తొచ్చింది. అక్కడా కొమ్మ విరిస్తే కళ్ళు పోతాయనేవాళ్ళు. ఎండుకట్టెలతో మొదలై, తర్వాత మానులే పోయాయి. ఇప్పుడు ఒక్క రావి చెట్టు, చుట్టూ సిమెంటు అరుగు.

ఆ సంగతి చెప్తే అతను నన్ను అడవి అంచుకి తీసుకెళ్ళి ఎదురు కొండ చూపించాడు. భయం ఒక్కటే సరిపోదన్నాడు. ఈ చుట్టుపక్కల పది హిమాలు, అంటే ఖాసీల సంప్రదాయ పాలనలు, కలిసి అడవుల్ని మళ్ళీ పెంచుతున్నాయి. ఎండాకాలం ముందు ఊళ్ళవాళ్ళే గడ్డి చెక్కి మంట దాటకుండా బాటలు తీస్తారు. మేకల బదులు ఇంటి దగ్గర పందుల్నీ కోళ్ళనీ పెంచుకోమని ప్రోత్సహిస్తున్నారు. నాటే పని తక్కువే. మంటనీ మేకనీ ఆపితే నేలలో మిగిలిన మొదళ్ళే చిగురిస్తాయట. కలుపు తీసి, చిక్కుపొదలు పలచన చేస్తే చాలు. ఎదుటి కొండ మీద మనిషెత్తు చెట్లు కనిపించాయి. గైడ్ డబ్బులకి సణిగినందుకు బాధేసింది. ఈ కాపలాకి అదెంత!

"మీ తోపు నేల ఇంకా ఊరిదేనా?" అనడిగాడు. అవుననుకుంటా అన్నాను. "మొదళ్ళు తవ్వేశారా?"

తెలియలేదు. తిరుగు సుమోలో సిగ్నల్ రాగానే నాన్నకి ఫోన్ చేశాను. రావి చెట్టు వెనక ఎంత జాగా మిగిలిందో, అందులో పాత మొదళ్ళున్నాయో లేదో రేపు పొద్దున్నే వెళ్ళి చూసి చెప్పమన్నాను.