టీసీ లేదని పిల్లను వెనక్కి పంపొద్దు

జూన్ వచ్చిందంటే మా బడి ఆఫీసులో పొద్దున్నుంచీ వినిపించే మాట టీసీ, అంటే పాత బడి ఇవ్వాల్సిన బదిలీ సర్టిఫికెట్. బడిబాటలో ఇల్లిల్లూ తిరిగి పిల్లల్ని పంపమని అడుగుతాం, తీరా తల్లి పిల్ల చెయ్యి పట్టుకుని వచ్చాక, ఫీజు బాకీ ఉందని పాత బడివాళ్లు కాగితం ఆపారంటుంది. "సారూ, పైసలు కట్టేదాక ఇయ్యరట, మా బిడ్డకు ఏడాది పోతదా?" అంటుంది. పోదమ్మా.

2009 విద్యాహక్కు చట్టం ఐదో సెక్షన్‌లో స్పష్టంగానే ఉంది: ఎనిమిదో తరగతి వరకు పిల్లలకు టీసీ ఆలస్యమైందని ప్రభుత్వ బడిలో అడ్మిషన్ ఆపకూడదు, టీసీ ఇవ్వడం ఆలస్యం చేసిన హెడ్మాస్టర్ మీద చర్య తీసుకోవచ్చు. పుట్టిన తేదీ సర్టిఫికెట్ లేకున్నా చేర్చుకోవాల్సిందే.

అసలు టెన్షన్ ఆన్‌లైన్‌లో. బడి పిల్లల వివరాలు నమోదు చేసే యూడైస్ వెబ్‌సైట్‌లో పాత బడి పిల్ల పేరు వదిలితేనే మా లాగిన్‌లోకి వస్తుంది, అందుకే నేను ఫోన్లు చేస్తాను, జవాబు రాకపోతే ఎంఈఓ (మండల విద్యాధికారి) గారికి రాస్తాను, ఈలోపు పిల్ల మాత్రం క్లాసులో కూర్చుంటుంది, మధ్యాహ్నం అందరితో పాటు అన్నం తింటుంది. ములుగు, భూపాలపల్లి వైపు మిర్చి ఏరడానికి ఛత్తీస్‌గఢ్ నుంచి కూలీలు వస్తారు కదా, వాళ్ల పిల్లల దగ్గర చాలాసార్లు ఏ కాగితమూ ఉండదు, భాష కూడా వేరు. వాళ్లనైతే ముందు క్లాసులో కూర్చోబెట్టాలి, రికార్డుల సంగతి సాయంత్రం చూసుకోవచ్చు.

మీ ఊళ్లో ఎవరినైనా టీసీ లేదని తిప్పి పంపితే, దరఖాస్తు రాసిచ్చి రసీదు అడగండి.