చిగురు కింద చదువు

డెంటల్ హైజీనిస్ట్ కోర్సు అనగానే బయటివాళ్లు "ఓహో, పళ్లు తోమడం నేర్పిస్తారా?" అంటారు. నవ్వి ఊరుకోవడం మనందరికీ అలవాటే. నిజానికి కంటికి కనిపించే గార తీయడం కొన్ని వారాల్లో వచ్చేస్తుంది. మిగతా కోర్సంతా చిగురు కింద, కన్ను చేరని చోట చెయ్యి ఏం చేస్తోందో తెలుసుకోవడానికే. 1913లో అమెరికాలోని బ్రిడ్జ్‌పోర్ట్‌లో ఆల్ఫ్రెడ్ ఫోన్స్ మొదటి తరగతి పెట్టిన నాటి నుంచి పరికరాలు చాలా మారాయి, ఈ చిక్కు మాత్రం మారలేదు.

మొదటి టర్ములో అందరం విసుక్కున్న సబ్జెక్టు డెంటల్ అనాటమీ. మైనం దిమ్మె చెక్కి ప్రీమోలార్ (కోరపన్ను వెనకాల పన్ను) తయారు చేస్తే ఎవరికి లాభం అనిపించేది. పై దవడ మొదటి ప్రీమోలార్‌కు మీసియల్ వైపున, అంటే కోరపన్ను వైపున, ఒక పల్లం ఉంటుంది. అది పంటి పైభాగమైన కిరీటం దగ్గర మొదలై వేరు మీదికి దిగుతుంది. గార దాక్కునేది అక్కడే. గార గీకే పరికరమైన క్యూరెట్‌ను వేరు చుట్టూ ఒకే తీరున లాక్కుంటూ పోతే బ్లేడు పల్లం రెండు గట్లనూ తాకి, నడుమ ఉన్నదాన్ని వదిలేస్తుంది. బ్లేడు కొసను మాత్రమే పల్లంలోకి తిప్పి పొట్టి స్ట్రోకులతో తీయాలి. మైనం చెక్కినప్పుడు ఆ పల్లాన్ని సరిగ్గా దించినవాళ్లకు క్లినిక్‌లో ఇది వేరుగా చెప్పనక్కర్లేదు.

గ్రేసీ అనే రకం క్యూరెట్ల నంబర్లు అందరికీ నోటికి వచ్చేవి: దవడ పళ్ల మీసియల్ వైపు 11/12, డిస్టల్ వైపు, అంటే వెనకవైపు, 13/14. కానీ పరీక్షలో మార్కులు పోయేది నంబర్ల దగ్గర కాదు, కోణం దగ్గర. చిగురు కిందికి దించేటప్పుడు బ్లేడు ముఖం పంటికి దాదాపు ఆనుకుని ఉండాలి. అడుగుకు చేరాక 60 నుంచి 80 డిగ్రీలకు తెరవాలి. 90 దాటితే రెండో వైపు చిగురు చీరుకుపోతుంది. ఆ తప్పు రక్తంతో వెంటనే బయటపడుతుంది కాబట్టి దిద్దుకోవడం తేలిక. అసలు ప్రమాదం 45 కంటే తగ్గినప్పుడే. అప్పుడు బ్లేడు గారను పెకలించదు, పైపైన నున్నగా రుద్దేస్తుంది. ఆ తర్వాత ఎక్స్‌ప్లోరర్ అనే సన్నని మొన పరికరంతో తడిమినా గరుకు తగలదు, పని అయిపోయిందని చార్టులో రాసేస్తాం. చిగురు మాత్రం వాచే ఉంటుంది.

కోణం లోపల కనిపించదు కనుక బయట కనిపించే గుర్తు షాంక్, అంటే బ్లేడునూ పిడినీ కలిపే కాడ. గ్రేసీ బ్లేడు ముఖం షాంక్ చివరి భాగానికి 70 డిగ్రీల వాలులో ఉంటుంది. అందుకే షాంక్‌ను పంటి తలానికి సమాంతరంగా నిలిపితే కోణం దానంతటదే కుదురుతుంది. అన్ని పళ్లకూ వాడే యూనివర్సల్ క్యూరెట్‌లో ఆ లెక్క 90, కాబట్టి షాంక్‌ను పంటి వైపు కొద్దిగా వంచాలి. గ్రేసీకి పనిచేసే అంచు ఒక్కటే. షాంక్‌ను నేలకు నిట్టనిలువుగా పట్టుకుంటే కిందికి వాలిన అంచే అది.

మొండి బ్లేడుతో ఎంత సరైన కోణం పట్టినా ఫలితం అదే నున్నని గార. పైగా పదును లేనప్పుడు చెయ్యి బిగుసుకుంటుంది, పళ్ల మీద పెట్టిన ఉంగరపు వేలి ఆనిక జారుతుంది. సానరాయికీ బ్లేడు ముఖానికీ మధ్య 100 నుంచి 110 డిగ్రీలు ఉండాలి. ఎక్కువైతే అంచు పలచబడి త్వరగా పోతుంది, తక్కువైతే బండగా తయారై పట్టదు. క్యూరెట్ కొస గుండ్రదనాన్ని మరిచి తిన్నగా సానపెట్టేస్తే అది సికిల్ అనే ఇంకో పరికరంలా మొనదేలి చిగురుకు గుచ్చుకుంటుంది. దీపం కింద తిప్పి చూడండి: పదునున్న అంచు మెరవదు, మొండి అంచు మీద వెలుగు సన్నని గీతలా కనిపిస్తుంది.

ప్రోబింగ్, అంటే గీతలున్న పుల్లతో (ప్రోబ్‌తో) చిగురు లోతు కొలవడం, చూడ్డానికి తేలిక. విలియమ్స్ ప్రోబ్ మీద 4, 6 మిల్లీమీటర్ల గీతలు ఉండవు, చదవడంలో తికమక రాకూడదని. పంటికి 6 రీడింగులు, ఒత్తిడి సుమారు 25 గ్రాములు, అడుగు మీద 1, 2 మిల్లీమీటర్ల చొప్పున నడక. పళ్ల సందులో ప్రోబ్‌ను కొంచెం వాల్చి రెండు పళ్లు తాకే చోటు (కాంటాక్ట్) కిందికి పంపకపోతే లోతు తక్కువగా వస్తుంది. దారిలో గార అంచు అడ్డుపడినా అంతే. వాచిన చిగురులో ఇందుకు భిన్నంగా లోతు ఎక్కువ చూపిస్తుంది. చిగురు జారిన పంటికి పాకెట్ (చిగురుకూ పంటికీ మధ్య సందు) 3 మిల్లీమీటర్లే వచ్చిందని సంతోషించకండి: జారింది 4 అయితే అటాచ్‌మెంట్ (చిగురు పంటిని అంటిపెట్టుకున్న పట్టు) పోయింది 7.

కంపనాలతో గార రాల్చే అల్ట్రాసోనిక్ యంత్రం వచ్చాక చేతి పరికరాలెందుకని ప్రతి బ్యాచీ అడుగుతుంది. దాని టిప్ మొనను కాక పక్కను, పంటికి 15 డిగ్రీలు మించకుండా ఆనించాలి. గట్టిగా నొక్కితే కంపనం చచ్చిపోతుంది. నీళ్లు తగ్గితే పంటికి వేడి తగులుతుంది. టిప్ 2 మిల్లీమీటర్లు అరిగితే పనితనం దాదాపు సగానికి పడిపోతుంది. ఇంతా చేసి పల్లాల్లో మిగిలిందేమిటో చెప్పాల్సింది ఎక్స్‌ప్లోరరే.

సీలెంట్ల (పంటి గాడులను మూసే పూతల) గురించి ఒక్క మాట చాలు: ఆమ్లంతో ఎచ్ చేసి ఆరబెట్టాక ఎనామెల్ సుద్దలా తెల్లబడాలి, దాని మీద ఉమ్మి తగిలితే మళ్లీ ఎచ్ చేయాల్సిందే. బైట్‌వింగ్ ఎక్స్‌రేలో పళ్లు ఒకదానిమీదొకటి పడితే తప్పు అడ్డకోణానిది, నిలువు కోణాన్ని కదిలించి లాభం లేదు. పరికరాలను ఆవిరితో శుద్ధి చేసే ఆటోక్లేవ్‌లో 121 డిగ్రీల దగ్గర 15 నిమిషాలు సరే గానీ, ప్యాకెట్లు కుక్కి పెడితే ఆవిరి లోపలికి పోదు. తడిగా బయటికొచ్చిన ప్యాకెట్‌ను స్టెరైల్ అనుకోవడానికి వీల్లేదు.

రూట్ ప్లేనింగ్ (పంటి వేరును గీకి నున్నగా చేయడం) అయిన మర్నాడే ప్రోబ్ పెట్టి చూడాలని చెయ్యి లాగుతుంది. మానే కణజాలాన్ని అది మళ్లీ చింపుతుంది, రీడింగూ నమ్మదగ్గది రాదు. 4 నుంచి 6 వారాలు ఆగి, 6 చోట్లా కొలిచి పాత చార్టు పక్కన పెట్టుకోవాలి. మిగతావన్నీ మాని ఒక్క చోటే రక్తం వస్తోందంటే రోగి బ్రష్షును తప్పుపట్టే ముందు ఎక్స్‌ప్లోరర్ తీసుకుని ఆ ఒక్క తలాన్నీ మళ్లీ తడమాలి.