ఇల్లెందు నర్సయ్య గారు: సైకిల్ దగ్గరే ఆగిపోతే ఎలా?

గుమ్మడి నర్సయ్య గారి జీవితాన్ని సినిమాగా తీస్తున్నారని తెలిసినప్పటి నుంచి నా ఫోన్‌లో ఆయన ఫోటోలు ఆగట్లేదు. ఐదుసార్లు ఇల్లెందు ఎమ్మెల్యే అట, సైకిల్ మీద తిరిగేవారట, ఇప్పటికీ మామూలు ఇల్లేనట అని అవే నాలుగు ముక్కలు అన్ని గ్రూపుల్లోనూ. మా ప్రాంతం మనిషి గురించి ఇంతమంది మాట్లాడుకోవడం నాకు చాలా సంతోషం. కాకపోతే అది చదివిన మా ఆఫీసు కుర్రాడొకడు "అప్పట్లో సైకిల్ మీద తిరిగితే ఓట్లేసేవాళ్లా అన్నా?" అని నిజంగానే తెలియక అడిగాడు. టీ తాగుతూ రెండు మాటల్లో చెప్పే సంగతి కాదు కాబట్టి ఇక్కడ రాస్తున్నా.

మాది ఖమ్మం జిల్లా కారేపల్లి దగ్గర ఊరు. కారేపల్లి అంటే సింగరేణి మండలమే, బొగ్గు కంపెనీకి పేరిచ్చిన సింగరేణి. మా అమ్మమ్మ ఏటా ఎండాకాలం తునికాకు, అంటే బీడీలు చుట్టే ఆకు, కోసేది. తెల్లారకముందే సద్ది కట్టుకుని అడవికి పోయి, ఎండ ముదిరే లోపు మూట నెత్తిన పెట్టుకుని తిరిగొచ్చి, వేపచెట్టు కింద కూర్చుని యాభై ఆకులు లెక్కపెట్టి ఒక కట్ట, మళ్లీ యాభై ఇంకో కట్ట, అలా పొద్దు వాలేదాకా కట్టేది. నార కోసుకుపోయి ఆమె చూపుడు వేళ్ల మీద గీతలు పడి ఉండేవి, వానాకాలం వచ్చినా మానేవి కావు. సాయంత్రం ఆకు కొనే కల్లం దగ్గర కట్టలన్నీ వరసగా పేరిస్తే కల్లేదారు, అంటే కాంట్రాక్టరు మనిషి, వచ్చి ఒక్కోటి చేతిలో తిప్పి చూసి, ఆకు చిన్నగా ఉందనో చిల్లులున్నాయనో పక్కన పడేస్తే ఆ కట్టకు కూలి లేనట్టే. పైన ఊరికే ఇవ్వాల్సిన కొసరు కట్టలు వేరే. అప్పట్లో కట్ట రేటు పైసల్లో ఉండేది, ఆ పైసలు ఇంకాసిని పెరగాలంటే ఊర్లకు ఊర్లు కోత ఆపేసి కూర్చోవాల్సి వచ్చేది.

ఆ కోత ఆపించింది కూలీల సంఘం. పోడు కొట్టుకున్న, అంటే అడవి నరికి సాగు చేసుకున్న చేలు పోతాయని భయపడ్డప్పుడు జనాన్ని కూడగట్టిందీ సంఘమే. ఆ సంఘం వెనకున్న ఎంఎల్ పార్టీయే, అంటే సీపీఐ (ఎంఎల్) అనే కమ్యూనిస్టు పార్టీయే, నర్సయ్య గారిని ఎన్నికల్లో నిలబెట్టింది, ఆ వర్గమే తర్వాత న్యూడెమోక్రసీ అయింది. ఆయన టేకులగూడెం కోయ బిడ్డ. అమ్మమ్మ లాంటివాళ్లు ఓటేసింది తమ రేటు కోసం, తమ పోడు కోసం. ఆయన సైకిల్ వాళ్లకు వింతేమీ కాదు, వాళ్ల ఇళ్లల్లో ఉన్నదీ అదేగా!

ఎన్నికల లెక్క చూస్తే ఇంకో విషయం తెలుస్తుంది. 1983లో ఎన్టీఆర్ గాలి. 294 సీట్లలో రెండు వందలకు పైగా తెలుగుదేశం ఊడ్చేసింది, ఇల్లెందులో మాత్రం నర్సయ్య గారు. 1985లో మళ్లీ అదే గాలి, మళ్లీ ఆయనే. 1989లో రాష్ట్రమంతా కాంగ్రెస్ వైపు తిరిగింది, ఇల్లెందు తిరగలేదు. తర్వాత 1999లో చంద్రబాబు గారు, 2004లో వైఎస్ గారు ముఖ్యమంత్రులుగా ప్రమాణం చేసినప్పుడు కూడా మా ఎమ్మెల్యే ఈయనే. ఐదుసార్లు గెలిచి ఒక్కసారి కూడా అధికార పార్టీలో లేని మనిషి! గెలిచాక పార్టీ మారడం మామూలైపోయిన ఈ రోజుల్లో నాకు సైకిల్ కంటే ఇదే పెద్ద సంగతిగా కనిపిస్తుంది.

ఓడిపోయిన సంగతీ చెప్పాలి. 1994లో ఆయన్ని ఓడించింది ఊకె అబ్బయ్య గారు, తెలుగుదేశంతో పొత్తులో ఉన్న సీపీఐ తరఫున. అంటే ఎర్రజెండా మీద ఎర్రజెండా గెలిచింది, ఇద్దరూ ఆదివాసీలే, ఇద్దరికీ ఓటేసింది కూలి జనమే. ఆ ఏడాది మా ఇంట్లోనే ఓట్లు రెండుగా చీలి, అమ్మమ్మా చిన్న తాతా చాలా రోజులు మాట్లాడుకోలేదు. 2009లో మళ్లీ అబ్బయ్య గారి చేతిలోనే, ఈసారి ఆయన తెలుగుదేశం. అప్పటికి నియోజకవర్గాల హద్దులు మార్చేశారు, మా సింగరేణి మండలం ఇప్పుడు వైరా కింద ఉంది. ఆ తర్వాత పార్టీ కూడా చీలింది. నర్సయ్య గారు మళ్లీ గెలవలేదు.

సభలో ఆయన పని ఎంత కష్టమో ఊహించండి. పార్టీకి ఒకే ఒక్క సభ్యుడు, అందరూ మాట్లాడాక చివర్లో దొరికే కాసిని నిమిషాలు, పక్కన బల్ల చరిచేవాళ్లు కూడా ఉండరు. అందుకే ఆయన ఎక్కువగా కాగితాలను నమ్ముకున్నారు. ఊళ్లల్లో జనం ఇచ్చిన దరఖాస్తులు సంచిలో వేసుకుని బస్సెక్కి హైదరాబాద్ పోవడం, సచివాలయంలో ఒక్కో ఆఫీసు మెట్లెక్కి ఆ కాగితం మీద సంతకం అయ్యేదాకా తిరగడం. ఆర్టీసీ బస్సుల్లో ముందు సీటు పైన ఎమ్మెల్యేలకు అని రాసి ఉండేది గుర్తుందా? చిన్నప్పుడు నేను ఖమ్మం పోతూ కిటికీ కోసం ఆ సీట్లోనే కూర్చునేవాణ్ణి, లేపడానికి ఏ ఎమ్మెల్యే వస్తాడులే అని. ఇల్లెందు వైపు బస్సుల్లో మాత్రం ఆ అక్షరాలకు నిజంగా పని ఉండేది.

జీతం పార్టీకి ఇచ్చేసేవారని అందరూ గొప్పగా చెప్తారు. నిజంగా గొప్పే. కానీ దాన్ని ఒక్క మనిషి మంచితనంగా చూస్తే సగమే చూసినట్టు. ఎన్నికల ఖర్చు జనం చందాల నుంచి వచ్చింది కాబట్టి ఆయన ఎవరికీ బాకీ పడలేదు. ఇప్పుడు అసెంబ్లీ అభ్యర్థికి ఎన్నికల సంఘం పెట్టిన ఖర్చు పరిమితే 40 లక్షలు. తునికాకు కోసే ఊళ్లు అంత చందా ఎక్కడి నుంచి తెస్తాయి? ఇలాంటి మనుషులు ఇప్పుడెందుకు లేరు అని అడిగేవాళ్లంతా ముందు ఈ లెక్క చూడాలని నా కోరిక.

పోడు సంగతి ఒకటి చెప్పి ఆపేస్తా. అటవీ హక్కుల చట్టం 2006లో వచ్చింది, అప్పటికి ఆయన చివరిసారి ఎమ్మెల్యేగా ఉన్నారు. 2005 డిసెంబర్ 13 నాటికి సాగులో ఉన్న ఆదివాసీలకు హక్కు ఇవ్వాలని అందులో ఉంది. మా మామయ్య పట్టా చేతికొచ్చేసరికి 2023 అయింది, ఆ ఏడాది రాష్ట్రంలో నాలుగు లక్షల ఎకరాల దాకా పోడు పట్టాలు పంచినప్పుడు. అప్పటికి అమ్మమ్మ లేదు. మొన్న పండక్కి వెళ్తే మామయ్య ఇనప్పెట్టె తీసి, ప్లాస్టిక్ కవర్‌లో పెట్టిన పట్టాను జాగ్రత్తగా బయటికి తీసి చూపించాడు. దానితో పాటు ఇంకో చిన్న కాగితం జారి కిందపడింది. 1989 నాటి ఎన్నికల చందా రసీదు, రెండు రూపాయలకు, అమ్మమ్మ పేరు మీద. మామయ్య దాన్ని తీసి మడత విప్పకుండానే మళ్లీ పట్టా వెనకాల పెట్టేశాడు.