చేపల పులుసు, ఫోన్ ట్యాపింగ్

ఆదివారం.

పొద్దున ఏడుంపావుకి తమ్ముడి ఫోన్. "ఆ, చెప్పురా" అన్నానో లేదో, "అక్కా, ఇట్ల వద్దు, వాట్సాప్‌ల చేస్త" అని పెట్టేశాడు. గుండె జల్లుమంది. అమ్మకేమన్నా అయిందా అనుకున్నా. తీరా చూస్తే, మధ్యాహ్నం తిండికి వస్తున్నాడట, సాగర్ చేపలు తేవాలా, మటన్ తేవాలా అని అడగడానికట. చేపల సంగతి కూడా ఎవరో వింటారని మిర్యాలగూడలో కూర్చుని వాడి టెన్షన్.

నవ్వొచ్చింది గానీ వాడొక్కడే కాదు. 2024 మార్చిలో పంజాగుట్ట స్టేషన్‌లో ట్యాపింగ్ కేసు పెట్టినప్పటి నుంచి, జెండా మోసే వాళ్ళలో నాకు తెలిసిన చాలామందికి ఈ అలవాటు పట్టుకుంది. మా వాడిది మరీ విచిత్రం. వాడు బీఆర్‌ఎస్. కేసేమో వాళ్ళ ప్రభుత్వంలో విన్నారన్నది. అప్పుడు ఎవరూ ఎవరి మాటా వినలేదని వాదిస్తాడు, ఇప్పుడు మాత్రం తన ఫోన్ ఖాయంగా వింటున్నారంటాడు.

మా ఆయన కాంగ్రెస్. ఇంక చూడాలి నా వంటింటి గతి.

పులుసు బాగా కుదిరింది (చింతపండు కొంచెం ఎక్కువైందని నాకు తెలుసు, ఎవరూ అనలేదు). రెండో ముద్దకే మొదలైంది.

"జర్నలిస్టులవి, జడ్జీలవి కూడా విన్నరట గదా. గెలవలేదని తెలువంగనే హార్డ్ డిస్కులు పగలగొట్టిండ్రట."

"అట, అట! కోర్టుల తేలిందా బావా? నోటీసులిచ్చుడు, టీవీలకు లీకులిచ్చుడు. కక్ష కాకపోతే ఏంది? నా ఫోనే ఇప్పుడు మీవోళ్ళు వింటున్నరు."

"తప్పు చేయనోడివి, నీకెందుకు భయం?"

నా చేతిలో గరిటె ఆగిపోయింది. ఈ మాట నేనింతకుముందు ఇదే ఇంట్లో విన్నాను. 2015 జూన్‌లో, ఓటుకు నోటు గొడవప్పుడు, తెలంగాణ ప్రభుత్వం తన ఫోన్లు వింటోందని చంద్రబాబు అంటే, "తప్పు చేయనోడికి భయమెందుకు" అని అప్పుడు తొడ చరిచింది మా తమ్ముడు. అన్యాయమని మండిపడ్డది మా ఆయన. పదేళ్ళలో మాట ఈ కంచంలోంచి ఆ కంచంలోకి మారింది, అంతే.

నేను హైస్కూల్లో సోషల్ చెప్తాను. నోరూరుకోలేదు. "జడ్జి సంతకం లేకుండా ఎవరి ఫోనూ వినొద్దని మీ ఇద్దరి పార్టీల్లో ఏదైనా రాసిస్తదా?" అన్నాను. మా ఆయన పెరుగు గిన్నె అందుకున్నాడు. తమ్ముడికి చేపలో ఎక్కడ లేని ముళ్ళూ దొరికాయి.

ఎవరు విన్నారన్నదే వీళ్ళ కొట్లాట. ఎట్లా వినొచ్చన్న దాని మీద ఎవరికీ పట్టింపు లేదు. 1885 నాటి టెలిగ్రాఫ్ చట్టం కింద ఇష్టారాజ్యంగా వింటుంటే, 1996లో సుప్రీంకోర్టు కొన్ని హద్దులు గీసింది. హోం కార్యదర్శి ఉత్తర్వు ఉండాలి, అది రెండు నెలలకే చెల్లుతుంది, పొడిగించినా ఆరు నెలలు దాటకూడదు, పైన ఒక సమీక్ష కమిటీ చూడాలి. రాష్ట్రంలో ఆ కమిటీలో ఉండేది ప్రధాన కార్యదర్శి, న్యాయ కార్యదర్శి, ఇంకో కార్యదర్శి. అంటే పరీక్ష రాసినవాడే పేపర్ దిద్దుకున్నట్టు. 2023లో కొత్త టెలికాం చట్టం వచ్చింది, 2024 డిసెంబర్‌లో దాని నిబంధనలూ వచ్చాయి. జడ్జి మాత్రం రాలేదు.

పోయినేడు తొమ్మిదో తరగతిలో గోప్యత హక్కు గురించి చెప్తున్నాను. 2017 ఆగస్టు 24, అది ప్రాథమిక హక్కేనని సుప్రీంకోర్టులో తొమ్మిది మంది జడ్జీలు ఒక్క మాట మీద నిలబడ్డారు, అని కొంచెం గర్వంగానే. వెనక బెంచీ పిల్ల లేచి, "మన ఫోన్ విన్నరని మనకెట్ల తెలుస్తది టీచర్?" అంది. తెలియదమ్మా, ఎవరూ చెప్పరు అన్నాను. "మరి కోర్టుకు ఎట్ల పోతం?" అంది. గంట కొట్టారు, బతికిపోయాను. అంతకుముందు వారమే వాళ్ళను పానగల్లు ఛాయా సోమేశ్వరాలయానికి తీసుకెళ్ళాం. అక్కడ పగలంతా లింగం మీద నీడ ఉంటుంది, అది ఏ స్తంభానిదో చూసి చెప్పడం కష్టం. ఆ పిల్ల దాన్నీ వదల్లేదు, ఒక్కో స్తంభం దగ్గర నిలబడి చూసి వచ్చింది.

నాయిన ఉన్నప్పుడు నిఘా అంటే ఫోన్ కాదు, టీ హోటల్లో పక్క బల్ల మీద పేపర్ తిరగేసే మఫ్టీ మనిషి. ఇప్పుడు ట్యాపింగ్ కేసులో నలుగుతున్న ఎస్‌ఐబీ, అదే పోలీసుల స్పెషల్ ఇంటెలిజెన్స్ బ్యూరో, పుట్టింది నక్సలైట్ల మీద కన్నేయడానికే. 2001లో పౌరహక్కుల సంఘం ఆజం అలీని మా నల్లగొండలోనే నరికి చంపాక, నాయిన చాలా రోజులు బయట రాజకీయం మాట్లాడలేదు. ఆయనకు ఏ పార్టీ లేదు. ఆర్టీసీ కండక్టర్. బస్సులో ఎవరేం మాట్లాడుకున్నారో ఇంట్లో కూడా చెప్పేవాడు కాదు.

సాయంత్రం తమ్ముడు బయల్దేరాడు. అమ్మకోసం సీసాలో పెట్టిన మామిడికాయ తొక్కు గూట్లోనే మరిచిపోయాడు. రాత్రి ఎనిమిదిన్నరకు వాట్సాప్ కాల్, మూడు సార్లు కట్టయింది. నాలుగోసారి మామూలు ఫోన్ మోగింది.

"చేరిన" అని పెట్టేశాడు. తొక్కు సంగతి చెప్పనివ్వలేదు.